గిడుగు జయంతి సభలో మా సవర

మాది సీతంపేట ఏజెన్సీలో సవర తెగవాళ్ల గూడెం. చదివింది ఆశ్రమ పాఠశాలలో, అందరం గిరిజన పిల్లలమే. శ్రీకాకుళంలో డిగ్రీలో చేరాక మా క్లాసులో సవర పిల్లని నేనొక్కదాన్నే. స్కాలర్‌షిప్పు, హాస్టల్ సీటు వచ్చాయి. కానీ అమ్మతో ఫోన్లో సవరలో మాట్లాడితే పక్క మంచాల మీద నవ్వులు. మెట్ల కిందికి పోయి మాట్లాడేదాన్ని.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఆయన పుట్టిన పర్వతాలపేట శ్రీకాకుళం దగ్గరే కాబట్టి మా కాలేజీలో ఘనంగా చేస్తారు. మొదటి ఏడు అందరూ వ్యవహారిక భాషోద్యమం గురించే చెప్పారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ ఆయన సవరల దగ్గరే సవర నేర్చుకున్నారని, సవర పిల్లలకు బడులు పెట్టారని, సవర భాష మీద ఆయన రాసిన పుస్తకం 1931లో అచ్చయిందని ఒక్కరి నోటా రాలేదు. నాకు కడుపు మండిపోయింది.

రెండో ఏడు జూలైలోనే, ఈసారి సభలో సవర గురించి కూడా చెప్పనివ్వమని దరఖాస్తు రాశాను. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి నేరుగా వెళ్లదు, డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం కావాలి. తెలుగు మేడం "తెలుగు రోజున సవర ఎందుకమ్మా?" అన్నారు. లైబ్రరీలో తీసిన గిడుగు వారి జీవితచరిత్ర చేతిలో పెట్టాను. నిలబడే చదివారు. "ఇదంతా నువ్వే చెప్పు" అని సంతకం పెట్టారు. ప్రతి కాలేజీలో సమాన అవకాశాల విభాగం ఉండాలని యూజీసీ 2012 నిబంధనల్లో ఉంది. దాని బాధ్యత చూసే సారుకీ ఒక కాపీ ఇచ్చాను. ఇలాంటి పని మీద తిరిగే పిల్లలు ఆ కాపీ తప్పకుండా ఇవ్వండి. మా కాగితం కదిలింది అక్కడి నుంచే.

సభలో మా తాత సవరలో మాట్లాడాడు, నేను తెలుగులో చెప్పాను. ఎర్రమట్టి పూసిన అట్ట మీద బియ్యప్పిండితో మా ఇళ్ల గోడబొమ్మలు వేశాం, జాతాపు తెగ పిల్లలూ చెయ్యి వేశారు. అయ్యాక ఫస్టియర్ అమ్మాయి ఒకతె వచ్చి, మాది ఏ గూడెమని సవరలో అడిగింది. అప్పటిదాకా ఆ పిల్ల సవరని కాలేజీలో ఎవరికీ తెలీదు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది అదే.

ఇప్పుడు అడ్మిషన్లప్పుడు ఆఫీసు కిటికీ పక్కన సీనియర్లం కూర్చుని, ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ల ఫారాలు నింపి పెడుతున్నాం. గిడుగు వారి సవర పుస్తకాలు లైబ్రరీకి కొనమని మరో దరఖాస్తు ఇచ్చాం. మేడం సంతకం అయింది, ప్రిన్సిపాల్ గారిది కావాలి.