తోతాపురి సీజన్లో టాప్500

ఇది 2025 జూన్ నాటి సంగతి. ప్రపంచంలో వేగమైన 500 సూపర్‌కంప్యూటర్ల టాప్500 లిస్ట్ ఆ నెల వచ్చినప్పట్నించి ఎవరు కనపడినా అదే మాట. పొద్దున ఇంకా ఇడ్లీ డబ్బా మూత కూడా తియ్యలేదు, పక్క డిపార్ట్‌మెంట్ సార్ వచ్చి "ఎల్ కాపిటాన్ 1.742 ఎక్సాఫ్లాప్స్ అంట కదా మేడం, మనమెప్పుడు?" అన్నారు. మన క్లస్టర్ రూంలో రెండో ఏసీ బాగయినాక సార్, అనాలనిపించింది గానీ నవ్వి ఊరుకున్నా. ఎల్ కాపిటాన్ అంటే ఆ లిస్ట్‌లో మొదటిది, అమెరికా వాళ్ళ మిషన్; ఎక్సాఫ్లాప్స్ అంటే సెకనుకి ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలన్ని లెక్కలు. ఆ మిషన్ దాదాపు 30 మెగావాట్ల కరెంటు తాగుతుంది, మాకేమో యూపీఎస్ బ్యాటరీలు మార్చమని ఫైలు పెడితే అది ఏ టేబుల్ మీదుందో కనుక్కోడానికే ఇంకో ఫైలు పెట్టాలి.

ఆ 1.742 లిన్‌ప్యాక్ అనే పరీక్షలో వచ్చింది, నాకైతే దానికన్నా ఇంకో నంబరు మీద ఇంట్రస్ట్ ఎక్కువ. ఇదే మిషన్‌కి హెచ్‌పీసీజీ అని ఇంకో పరీక్ష పెడతారు, అందులో కూడా ఈసారి ఫస్ట్ అదే, కానీ ఎంతో తెలుసా, 17.41 పెటాఫ్లాప్స్, పెటా అంటే ఎక్సాలో వెయ్యో వంతు. అంటే లిన్‌ప్యాక్‌లో నూరు చేసింది ఇక్కడ ఒకటి చేసింది. లిన్‌ప్యాక్‌లో మెమరీ నించి ఒకసారి తెచ్చిన అంకెని మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు, ప్రాసెసర్ ఖాళీగా ఉండదు, హెచ్‌పీసీజీలో అట్లా కాదు, తేవడం, ఒకటి రెండు సార్లు వాడటం, పారెయ్యడం, మళ్ళీ కొత్తది తేవడం. లిన్‌ప్యాక్ పెట్టిన జాక్ డొంగారానే ఇంకో ఇద్దరితో కలిసి ఈ రెండో పరీక్షని కూడా తెచ్చినాడు, ఆ పెద్దాయన మీద నాకు గౌరవం ఎక్కువైంది అందుకే. వరదలు, వాతావరణం, భూగర్భ జలాలు, మేం నిజంగా నడిపే కోడ్లన్నీ ఈ రెండో రకమే. పేపర్లలో వచ్చేది మాత్రం మొదటి నంబరు.

పదకొండుకి క్లాసుకి పోతా ఉంటే నాయన ఫోను. బంగారుపాళ్యం దగ్గర మా మామిడి తోటలో తోతాపురి కోత అయిపోయింది, కాయలు ట్రాక్టర్‌కెత్తి నిన్న మధ్యాన్నమే గుజ్జు ఫ్యాక్టరీ కాడికి పోయినాడు, ఇంకా రోడ్డు మీదే ఉండాడు.

"ఏం నాయనా, లోపలికి పోయినావా?"

"యాడమ్మా, గేటు ముందర ట్రాక్టర్లు వరసగా నిలబడుండాయి. లోపల మిషన్లు ఆడతానే ఉండాయంట, తూకం కాటా ఒకటే, ఒకటొకటే పంపిస్తా ఉండారు. కింద కాయలు చెమ్మ పడతా ఉండాయి."

"వేరే ఫ్యాక్టరీకి తోలెయ్యకూడదా?"

"ఆ పక్కది ఖాళీనే అంట. టోకెన్ ఈడిది కదా, ఆడ దించుకోరు. నువ్వు తిన్న్యావా?"

ఎండలో రోడ్డు మీద నిలబడి నన్ను తిన్న్యావా అంటాడు. కిలోకి 8 రూపాయలు ఫ్యాక్టరీ వాళ్ళు, 4 గవర్నమెంటు అని చెప్పినారు, చేతికొచ్చేదాకా నమ్మేదిలేదంటాడు నాయన. క్లాసు గురించి రాయడానికేం లేదు, ఓపెన్‌ఎంపీ (ప్రోగ్రాం పనిని ప్రాసెసర్‌లోని చాలా కోర్లకి పంచే పద్ధతి), సగం మంది నిద్ర, ఒక పిల్ల మాత్రం మంచి ప్రశ్న అడిగింది.

మధ్యాన్నం మా పీహెచ్‌డీ అబ్బాయి మొహం వేలాడేసుకుని వచ్చినాడు. 2021 నవంబర్ వానలకి స్వర్ణముఖి పొంగింది కదా, ఆ నీళ్ళు ఎటునించి ఎట్లా పారినాయో లెక్కేసే కోడ్ వాడిది. "మేడం, పదహారు కోర్లు దాటితే స్పీడ్ పెరగడం లేదు, ఇంకో నోడ్ ఇప్పించండి" అంటాడు. నోడ్ అంటే క్లస్టర్‌లో ఒక కంప్యూటర్, అదేమన్నా కొట్లో దొరికే బిస్కెట్ ప్యాకెట్టా. కూర్చో అని బోర్డు మీద లెక్క రాసినా. మూడు అర్రేలు, అంటే అంకెల వరసలు, ఒక్కో అంకె 8 బైట్లు, రెండు చదివి ఒకటి రాస్తే ప్రతి మెట్టుకీ 24 బైట్లు కదలాలి, అందులో చేసే పని ఒక గుణకారం, ఒక కూడిక. సెకనుకి 200 గిగాబైట్లు మెమరీ నించి వస్తే ఎంత లాగినా 17 గిగాఫ్లాప్స్ దాటదు, ప్రాసెసర్ టెరాఫ్లాప్స్, అంటే వేల గిగాఫ్లాప్స్, చెయ్యగలిగినా సరే. వాడు తల ఊపినాడు గానీ కళ్ళల్లో నమ్మకం లేదు, అప్పుడు నాయన ట్రాక్టర్ సంగతి చెప్పినా. లోపల ఎన్ని మిషన్లు పెట్టినా కాటా ఒకటే అయితే ఏం లాభం రా అన్నా, ఫక్కున నవ్వినాడు, వాళ్ళదీ దామలచెరువు పక్కన మామిడి తోటే.

ఆ నవ్వులోనే ఇంకోటి తట్టింది. మా సర్వర్లో రెండు సాకెట్లు, అంటే రెండు ప్రాసెసర్లు, ఒక్కోదానికి సొంత మెమరీ, అంటే రెండు గేట్లున్నట్టే. కోడ్ తెరిచి అర్రేలు సున్నాలతో నింపే లూప్ చూసినా, దాని మీద ప్రాగ్మా, అంటే పని పంచమని చెప్పే ఓపెన్‌ఎంపీ లైను, లేదు. లైనక్స్‌లో పేజీని, అంటే మెమరీలో ఒక ముక్కని, ఎవరు మొదట ముట్టుకుంటే వాళ్ళ పక్కనున్న మెమరీలోనే అది పడుతుంది, ఆ లూప్‌ని ఒక్క థ్రెడ్, అంటే ఒక్క పనివాడే, నడిపింది కాబట్టి డేటా మొత్తం మొదటి సాకెట్ దగ్గరే చేరింది, రెండో గేటు ఖాళీ. టోకెన్ ఈడిది కదా! లెక్క చేసే లూప్‌ని ఎట్లా పంచినామో నింపే లూప్‌ని కూడా అట్లే పంచమని చెప్పి, థ్రెడ్లు అటూ ఇటూ దూకకుండా కోర్లకి కట్టెయ్యమన్నా. ఒక్క లైను. మళ్ళీ నడిపితే టైము దగ్గర దగ్గర సగానికి పడిపోయింది. వాడు రెండుసార్లు నడిపి చూసుకున్నాడు, ఆన్సర్ తప్పొచ్చిందేమో అని కూడా చూసినాడు, అది నాకు బాగా నచ్చింది. రోజంతా మీటింగులు, సంతకాలు, కొటేషన్లు, ఈ అరగంట కోసమే ఈ ఉద్యోగం అనిపిస్తుంది ఒక్కోసారి.

ఇంటికొచ్చేసరికి ఏడు దాటింది, లీలామహల్ సర్కిల్ దగ్గర ఎప్పటి ట్రాఫిక్కే. పాపకి లెక్కల హోంవర్కు వాళ్ళ నాన్నే చేయించేశాడు, అందులో రెండు తప్పులు, నేనేం అనలేదు.

తొమ్మిదికి నాయన ఫోన్ చేసి లోపలికి పోయినానన్నాడు. చెమ్మ పడిన కాయలని తూకంలో కొంచెం కోసుకున్నారంట. నేను ఆవేశంగా ఎంత కోసినారు, మొత్తం ఎన్ని టన్నులు అని లెక్కలు మొదలుపెడితే "నీ పెద్ద మిషన్లో ఎయ్యి తల్లీ, ఆడైనా జాస్తి వస్తుందేమో" అన్నాడు. ఆదివారం రమ్మన్నాడు, నీలం కాయలు ఇంకా చెట్టు మీదే ఉండాయంట. ఆదివారమే ఏసీ మెకానిక్ వస్తానన్నాడు. రాడులే, పోతాం.