ఉప్పు నీళ్లను లాగేసుకోవడం వల్ల కాదు

ప్రోటీన్ ద్రావణంలో అమ్మోనియం సల్ఫేట్ అనే ఉప్పు వేస్తూ పోతే ప్రోటీన్ తెల్లగా విరిగి అడుగున పేరుకుంటుంది. ఎందుకంటే, ఉప్పు నీళ్లన్నీ లాగేసుకుని ప్రోటీన్‌కు మిగల్చదని చెబుతుంటారు. లెక్క వేస్తే ఈ మాట నిలబడదు. 50 శాతం సంతృప్తత దగ్గర, అంటే నీటిలో కరగగలిగిన గరిష్ఠంలో సగం దగ్గర, ఉప్పు సుమారు 2 మోలార్ (లీటరుకు 2 మోల్స్). ఆ లీటరులో నీరు ఇంకా 48 మోల్స్ దాకా ఉంటుంది. నీటికి కరువేం లేదు.

అసలు సంగతి ప్రోటీన్ ఒంటిని అంటుకున్న నీటిలో ఉంది. గ్రాము ప్రోటీన్‌కు సుమారు 0.3 గ్రాముల నీరు పొరలా ఉంటుంది. అది మంచులా బిగిసిన పొర కాదు. అందులో చాలా నీటి అణువులు పికోసెకన్లలోనే (సెకనులో లక్ష కోట్లవ వంతుల్లో) చోటు మారతాయి, మామూలు నీటికన్నా కొన్ని రెట్లు నెమ్మదిగా, అంతే. ఉప్పులోని సల్ఫేట్ ఈ పొరలోకి రావడానికి ఇష్టపడదు, బయటి నీటిలోనే ఉండిపోతుంది. ఉప్పు పెరిగేకొద్దీ ప్రోటీన్ తన ఒళ్లు నీటికి చూపించడం శక్తి లెక్కలో ఖరీదైపోతుంది. అందుకే ప్రోటీన్ అణువులు ఒకదానికొకటి ఆనుకుని గుంపు కడతాయి. ప్రోటీన్ గొలుసు మడతపడి ఉన్న ఆకారాన్ని మాత్రం విప్పుకోవు, విప్పుకుంటే నీటికి తగిలే ఒళ్లు ఇంకా పెరుగుతుంది కదా! కాబట్టే ఈ ముద్ద బఫర్‌లో (ఆమ్లత పెద్దగా మారకుండా ఉంచే ద్రావణంలో) మళ్లీ కరిగి పనిచేస్తుంది. ఉడికిన తెల్లసొనకు ఆ అవకాశం లేదు. 1888లో ప్రాగ్‌లో హాఫ్‌మైస్టర్ అనే శాస్త్రవేత్త గుడ్డు ప్రోటీన్లతోనే, వాటిని విరిచి దించడంలో ఏ ఉప్పుకు ఎంత బలమో వరస కట్టాడు. అందులో సల్ఫేట్ క్లోరైడ్ కన్నా ముందుంటుంది.

ఇక చేతిపని. సీరంలోని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలోని) యాంటీబాడీలు 40–50 శాతం సంతృప్తత దగ్గర అడుగుకు దిగుతాయి. మంచు మీద ఉన్న 100 మిల్లీలీటర్లను 50 శాతానికి తేవాలంటే 29.1 గ్రాముల ఉప్పు కావాలి. పూర్తి సంతృప్తతకు 69.7 గ్రాములు కాబట్టి సగం 34.85 అనుకుంటే 55 శాతం దాటిపోతారు, అక్కర్లేని ప్రోటీన్లూ దిగుతాయి. ఉప్పు కరిగితే ఘనపరిమాణమూ పెరుగుతుంది, సూటి భాగహారం పనికిరాదు.

గడ్డలు లేకుండా నూరి, చిటికెడు చిటికెడుగా, ముందుది కరిగాకే తర్వాతది వేయాలి. ఒక్కసారి గుమ్మరిస్తే పడ్డచోట గాఢత పెరిగి తర్వాత దిగాల్సినవి కూడా ముందే విరుగుతాయి. ఈ ఉప్పు కొంచెం ఆమ్లం వైపు లాగుతుంది, అందుకని బఫర్ 50 మిల్లీమోలార్ అయినా ఉండాలి. స్టిర్రర్ నెమ్మదిగా తిప్పాలి. నురగ వచ్చిందంటే నష్టమే: గాలి తగిలేచోట ప్రోటీన్ మడత విప్పుకుని, నీటికి గిట్టని భాగాలను గాలివైపు తిప్పుకుంటుంది. అలా పాడైనది మళ్లీ కరగదు.

అరగంట ఆగి, 4 డిగ్రీల దగ్గర 10,000 జీ బలంతో (భూమి ఆకర్షణకు 10,000 రెట్లు) 20 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయాలి. ప్రోటీన్ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము కన్నా తక్కువుంటే సరిగా దిగదు, ముందే చిక్కబరుచుకోవాలి.

ముద్దను కొద్దిపాటి బఫర్‌లో కరిగించి డయాలిసిస్‌కు, అంటే సన్నని రంధ్రాల పొర సంచిలో పోసి ఉప్పు బయటి బఫర్‌లోకి పోయేలా, పెట్టేటప్పుడు సంచిని సగమే నింపి ముడి వేయాలి. ఇక్కడ మాత్రం సంచిలోని ఉప్పు నిజంగానే నీళ్లను లాగుతుంది. నిండుగా కట్టిన సంచి రాత్రికి ఉబ్బి పగులుతుంది.