గురువుగారి వంతు

2023 నవంబరు 16, గురువారం
బ్రూక్‌ఫీల్డ్, విస్కాన్సిన్

ఉదయం బాబును బడి దగ్గర దింపి ఆఫీసుకు వెళ్లే దారిలో రేడియో పెడితే, ఏ మాట మొదలుపెట్టినా తిరిగి తిరిగి ప్యాట్ మర్ఫీ దగ్గరికే వస్తోంది. మిల్వాకీ బ్రూవర్స్ బేస్‌బాల్ జట్టుకు కొత్త మేనేజరుగా, అంటే ఆటను నడిపించే ప్రధాన కోచ్‌గా, ఆయన పేరు ఖాయమైంది. ఈ నెల 6వ తేదీ సోమవారం, ఇప్పటిదాకా మేనేజరుగా ఉన్న క్రెయిగ్ కౌన్సెల్ మమ్మల్ని విడిచి షికాగో కబ్స్ జట్టుకు వెళ్తున్నారన్న వార్త వచ్చినప్పటి నుంచి ఇక్కడి అభిమానులకు మనసు మనసులో లేదు. అందుకే కాబోలు, రేడియోకు ఫోన్ చేసిన వాళ్లలో చాలామంది మర్ఫీ గురించి మొదలుపెట్టి కౌన్సెల్ గురించి ముగిస్తున్నారు.

వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, ఎందుకంటే అది నా బాధ కూడా. కౌన్సెల్ పెరిగింది మిల్వాకీని ఆనుకుని ఉన్న వైట్‌ఫిష్ బేలో. ఆయన తండ్రి బ్రూవర్స్ కార్యాలయంలో పనిచేశారు, ఆయన ఈ జట్టుకు ఆడారు, 2015 మే నెల నుంచి మేనేజరుగా ఉండి 707 ఆటలు గెలిపించారు. బ్రూవర్స్ చరిత్రలో మరే మేనేజరూ అన్ని ఆటలు గెలిపించలేదు. గడిచిన ఆరు సీజన్లలో ఐదుసార్లు జట్టు ప్లేఆఫ్స్‌కు, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీలకు, చేరింది. అటువంటి మనిషి, ఐ-94 రహదారి మీద గంటన్నర దూరంలో ఉన్న, ఏటా మాతో తలపడే కబ్స్‌కు, ఐదేళ్లకు 4 కోట్ల డాలర్ల ఒప్పందం మీద వెళ్లిపోయారు. బేస్‌బాల్‌లో ఒక మేనేజరుకు అంతకు ముందెవరూ అంత ఇవ్వలేదు. తన పనికి తగిన విలువ కోరుకోవడం తప్పని నేను అనలేను గానీ, వెళ్లింది కబ్స్‌కు కాకపోయి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు.

వైట్‌ఫిష్ బేలో పిల్లలు ఆడుకునే ఒక మైదానానికి ఆయన పేరే పెట్టుకున్నారు. ఈ వార్త వచ్చాక ఆ బోర్డు మీద ఎవరో స్ప్రే రంగుతో చెడ్డ మాట రాశారు. పోయిన వేసవిలో మా బాబు జట్టు అక్కడ ఒక ఆట ఆడింది. మైదానంలోకి వెళ్తూ పిల్లలందరూ వరసగా ఎగిరి ఆ బోర్డును చేత్తో తాకారు. మా వాడికి అందలేదని వెనక నిలబడిన వాడు నడుము పట్టుకుని పైకెత్తాడు. నాకు కౌన్సెల్ మీద కోపం వచ్చిన మాట నిజమే అయినా, ఆ రంగు పూసిన బోర్డు ఫోటో చూసినప్పుడు కౌన్సెల్ కాదు, ఆ చేతులే గుర్తొచ్చాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా బృందంలో సీనియరైన ఒకాయనతో నాకు కాస్త గట్టిగానే వాదన జరిగింది. ఆయన ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవారు, జట్టు కోసం ప్రాణం పెట్టే మనిషి. "ఇంట్లో మిగిలినదానితో సరిపెట్టుకున్నారు" అన్నది ఆయన మాట. మర్ఫీకి ఈ నెలాఖరుకు 65 ఏళ్లు నిండుతాయి. పెద్ద లీగులో మేనేజరుగా ఆయన అనుభవమల్లా 2015లో శాన్ డియాగో పాడ్రెస్‌కు తాత్కాలికంగా పనిచేసిన 96 ఆటలే. వాటిలో గెలిచినవి 42, ఓడినవి 54. ఈ జట్టును కూర్చిన డేవిడ్ స్టెర్న్స్ న్యూయార్క్ మెట్స్‌కు వెళ్లిపోయారు. జట్టులో బంతి విసిరే ముఖ్యమైన ఆటగాడు (పిచర్) బ్రాండన్ వుడ్‌రఫ్ భుజానికి శస్త్రచికిత్స అయింది. ఇన్ని కష్టాల్లో కొత్త రక్తాన్ని తేవాల్సింది పోయి పాత మనిషికే తాళాలిచ్చారన్నది ఆయన ఆవేదన. ఆయన చెప్పిన లెక్కల్లో ఒక్కటీ తప్పు కాదు, కానీ వాటినుంచి ఆయన తేల్చిన మాటతో నేను ఏకీభవించలేకపోయాను.

మర్ఫీ ఎవరో ఒక్కసారి తీరిగ్గా చూడాలి. 1988 నుంచి 1994 వరకు ఆయన నోటర్‌డామ్ విశ్వవిద్యాలయ జట్టుకు కోచ్. అక్కడ ఆయన దగ్గర ఆట నేర్చుకున్న కుర్రాళ్లలో క్రెయిగ్ కౌన్సెల్ ఒకరు. తర్వాత అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో పదిహేను సీజన్లు కాలేజీ పిల్లలకే నేర్పించారు. 2016లో, తన శిష్యుడు మేనేజరుగా ఉన్న ఈ జట్టుకు బెంచ్ కోచ్‌గా, అంటే మేనేజరుకు ముఖ్య సహాయకుడిగా, వచ్చి, ఎనిమిది సీజన్లు ఆ శిష్యుడి పక్కన రెండో మనిషిగా కూర్చున్నారు. 2020లో సాధన సమయంలోనే గుండెపోటు వచ్చింది, కోలుకుని మళ్లీ అదే బెంచి మీదికి వచ్చారు. శిష్యుడి కింద పనిచేయడానికి ఎంత నిబ్బరం కావాలో మనవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. అటువంటి మనిషిని "మిగిలినది" అనడం నాకు కష్టంగా తోచింది, ఆ మాటే ఆయనతో చెప్పాను. కొంచెం ఆగి, "నాకు కౌన్సెల్ మీద ఉన్న కోపం ఈయన మీద పడుతోందేమో" అన్నారాయన. ఆ తర్వాత ఇద్దరం మాట్లాడకుండా తిన్నాము.

సాయంత్రం డ్రైవ్ చేస్తున్నంతసేపూ మా నాన్నగారే మనసులో మెదిలారు. ఆయన గుడివాడ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. హెడ్మాస్టరు సెలవు పెట్టినప్పుడల్లా ఇన్‌ఛార్జి బాధ్యత ఆయనదే. చివరకు హెడ్మాస్టరు బదిలీ అయి, పదవీ విరమణకు మూడేళ్ల ముందు ఆ కుర్చీ తనకు వచ్చినప్పుడు, "ఇంకెన్నాళ్లుంటారులే" అని ఊళ్లో పెద్దలే అన్నారు. కానీ వానకు ఏ గది పైకప్పు కారుతుందో, నాట్ల రోజుల్లో ఏ పిల్లవాడు బడి మానేస్తాడో, వాడి కోసం ఎవరింటికి వెళ్లి ఎవరితో మాట్లాడాలో ఆయనకు ముందే తెలుసు. కొత్తగా వచ్చినవారికి అవి తెలిసేసరికే ఏడాది గడిచిపోయేది. మర్ఫీ కూడా ఈ పిచర్లలో ఎవరి భుజం ఎన్నో ఇన్నింగ్స్‌లో బరువెక్కుతుందో తెలిసిన మనిషి. కౌన్సెల్‌ను అంపైర్ బయటికి పంపిన రోజుల్లో జట్టును నడిపే పని బెంచ్ కోచ్‌దే కదా.

ఇంటికి వచ్చేసరికి మా వారు నిన్నటి క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్ మత్తులోనే ఉన్నారు. నిన్న తెల్లవారుజామున రెండున్నరకు లేచి, వాంఖడేలో కోహ్లీ 50వ శతకాన్నీ షమీ ఏడు వికెట్లనూ చూసిన మనిషి. "కోచ్ మారితే ఇంత దిగులెందుకు?" అని అడిగారు. క్రికెట్‌లో బౌలర్‌ను మార్చేది మైదానంలో ఉన్న కెప్టెన్ అనీ, బేస్‌బాల్‌లో ఆ నిర్ణయం మైదానం పక్కన డగౌట్‌లో కూర్చున్న మేనేజరుదనీ చెప్పాను. అరవై దాటినా ఆయన ఆటగాళ్లతో సమానంగా యూనిఫారమే వేసుకుంటాడు. పిచర్ అలసిపోయాడనుకుంటే మెట్లెక్కి, చాలామంది సుద్దగీత మీద కాలు పడకుండా దాటుకుంటూ, మధ్యలో ఉన్న దిబ్బ దాకా నడిచి వెళ్తాడు. దారిలోనే కుడిచేయో ఎడమచేయో పైకెత్తి, ఏ చేతివాటం పిచర్ రావాలో, బదులు పిచర్లు సిద్ధమయ్యే బుల్‌పెన్‌కు సైగ చేస్తాడు. అప్పటిదాకా ఆడినవాడు బంతిని ఆయన అరచేతిలో పెట్టి తలవంచుకుని నడిచిపోతాడు. వేల మంది చూస్తుండగా ఆ బంతి అడిగి తీసుకోవాలంటే, ఇచ్చేవాడికి ఆయన మీద నమ్మకం ఉండాలి. అక్టోబరులో ప్లేఆఫ్స్‌లో అరిజోనా జట్టుతో మొదటి ఆటలో 3–0తో ముందుండి కూడా 6–3తో ఓడిపోయి, మర్నాడు కూడా ఓడి ఇంటిదారి పట్టిన జట్టుకు ఇప్పుడు కావలసింది ఆ నమ్మకమేనని నా అభిప్రాయం.

చెత్తడబ్బాలు బయట పెడుతుంటే పక్కింటి పెద్దాయన పలకరించారు. బ్రూవర్స్ ఒకే ఒక్కసారి బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌కు చేరిన 1982లో, ఏడో ఆట దాకా వెళ్లి సెయింట్ లూయిస్‌తో ఓడిపోయిన రోజును నిన్ననే జరిగినట్లు చెప్పే మనిషి. మర్ఫీ గురించి ఏమనుకుంటున్నారని అడిగితే, "ఆయన ఇక్కడే ఉండిపోయాడు కదమ్మా, నాకు అది చాలు" అన్నారు.

రాత్రి కార్తీక దీపం పెట్టి వచ్చేసరికి బాబు వంటగదిలో వచ్చే ఏడాది ఆటల పట్టిక ముందేసుకుని కూర్చున్నాడు. మే 27న కౌన్సెల్ కబ్స్‌తో మిల్వాకీకి వస్తారని కనిపెట్టి, "అమ్మా, ఆ రోజుకు టికెట్లు కొందాం, అందరితో కలిసి నేనూ గేలి చేస్తాను" అన్నాడు. వాడి పక్కన కూర్చుని పట్టికలో వేలు పైకి జరిపి, ఏప్రిల్ 2 మంగళవారం దగ్గర ఆపాను. ఆ రోజు మిన్నెసోటా ట్విన్స్‌తో సొంత మైదానంలో మొదటి ఆట, మర్ఫీ మన ముందుకు మేనేజరుగా నడిచి వచ్చే రోజు. ముందు ఆయనకు చప్పట్లు కొట్టి వద్దామన్నాను. బడి ఉంటుంది కదా అన్నాడు. ఆ ఒక్క రోజుకు ఉత్తరం రాసి ఇస్తానని చెప్పాను.