జింకా, వేటగాడా?

"అసలు పేరు ఓరియన్ కదమ్మా, నువ్వు మృగశిర అంటావెందుకు?" అని మా ఏడేళ్ల అమ్మాయి బడి నుంచి వస్తూనే నిలదీసింది. వంట హడావిడిలో "రెండూ ఒకటేలే" అనేశాను. ఆ మాట తప్పని తెలియడానికి నాకు కొన్ని చలి రాత్రులు పట్టింది.

ఓరియన్ ఆకాశంలో ఒక చుక్కల గుంపు. గ్రీకులకది నిలువెత్తు వేటగాడు. మన కథలో అక్కడున్నది జింక. ఐతరేయ బ్రాహ్మణమనే వేద గ్రంథంలో జింక రూపమెత్తిన ప్రజాపతికి బాణం తగులుతుంది. బడి పుస్తకం వేటగాడి నడికట్టు అని చెప్పే మూడు చుక్కలే ఆ బాణం. మృగశిర ఆ జింక తల మాత్రమే, వేటగాడి తల దగ్గర మసకగా కనిపించే చుక్కలవి. వేటగాడి భుజం మీది ఎర్రని చుక్క ఆర్ద్ర. మరి బాణం వేసిందెవరు? మూడు చుక్కల గీతను ఎడమవైపు కిందికి సాగదీస్తే రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా కాంతిమంతమైన నక్షత్రం దొరుకుతుంది, లుబ్ధకుడు. గ్రీకు కథలో అతను వేటగాడి కుక్క!

"అంటే వాళ్ల వేటగాడు మన జింక, వాళ్ల కుక్క మన వేటగాడు" అని లెక్క తేల్చుకుని అమ్మాయి పడీ పడీ నవ్వింది. నాలుగేళ్ల తమ్ముడికి మాత్రం నవ్వు రాలేదు. "జింక తప్పించుకుందా?" అని అడిగాడు. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.

అంతకుముందు నేను చేసిన తెలివితక్కువ పని 27 నక్షత్రాల పేర్లూ అప్పజెప్పించబోవడం. పుబ్బ దాకా వచ్చేసరికి చిన్నవాడు ఒళ్లో నిద్రపోయాడు. పేర్లు నాకు కంఠతా వచ్చు కానీ, వాటిలో ఆకాశంలో గుర్తుపట్టగలిగినవి నాలుగైనా లేవని అప్పుడే బయటపడింది. చంద్రుడు చుక్కల మధ్య ఒక చుట్టు తిరగడానికి సుమారు 27.3 రోజులు పడుతుంది, రోజుకొక మజిలీ. వరసగా మూడు రాత్రులు చంద్రుడి వెంట పడ్డాక గాని ఆ జాబితాకు ప్రాణం రాలేదు. భార్యలందరిలోనూ రోహిణి అంటేనే ఆయనకు ఇష్టమని చెబితే, "మిగతా 26 మంది ఊరుకున్నారా?" అంది మా అమ్మాయి. ఊరుకోలేదు, తండ్రి దక్షుడికి చెప్పారు. చంద్రుడు తరిగిపోవడం ఆయన శాపమే. ఈ తీర్పు ఆమెకు బాగా నచ్చింది.

ఇక "అసలు పేరు" సంగతి. రోహిణికి వాళ్ల పుస్తకంలో ఆల్డెబరాన్ అని ఉంది. అది అరబ్బీ మాట, వెంబడించేది అని అర్థం. కృత్తికల వెనకే ఉదయిస్తుంది కాబట్టి ఆ పేరు. వేటగాడి పాదం దగ్గరి రైగెల్ కూడా అరబ్బీయే, కాలు అని. ఇంగ్లీషు పుస్తకంలోని పేర్లు ఇంగ్లీషువి కావని తెలిశాక "అసలు" అన్న మాట మా ఇంట్లో కొంచెం తగ్గింది. 1922లో అంతర్జాతీయ ఖగోళ సంఘం 88 నక్షత్ర మండలాలను ఖాయం చేసింది. శాస్త్రవేత్తలకు ఒకే పటం కావాలి, అందులో నాకేమీ పేచీ లేదు.

కళ్లు చీకటికి అలవాటు పడడానికి 20 నిమిషాలకు పైనే పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను వెలిగిందా, మళ్లీ మొదటికే. ఆ 20 నిమిషాలే నాకు దక్కిన వరం. బొమ్మలు చూపించడానికి వీల్లేదు, అన్నీ మాటలతోనే చెప్పాలి. రోజు మొత్తంలో పిల్లలు నా తెలుగును పూర్తిగా వినే సమయం అదొక్కటే.

ఈ మధ్య ధ్రువుడి దగ్గరికి వచ్చాం. సప్తర్షుల్లో పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత సాగదీస్తే ధ్రువుడు దొరుకుతాడు. చేయి బారుగా చాచి బిగించిన పిడికిలి సుమారు 10 డిగ్రీలు. పిల్లల పిడికిలి చిన్నదే అయినా చేయి కూడా పొట్టిదే కనుక లెక్క తప్పదు. నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ పోతే ఇక్కడ ధ్రువుడు నాలుగున్నర పిడికిళ్ల ఎత్తులో ఉన్నాడు. నిలబడిన చోటు అక్షాంశమెంతో ఆయన ఎత్తూ అంతే.

"మరి అమ్మమ్మకు ఎన్ని?"

మాకు పొద్దున్నయితే అమ్మమ్మకు రాత్రి. ఆదివారం ఫోను చేసి మా అమ్మను మేడ ఎక్కించాం. ఉత్తరానికి తిరిగి పిడికిళ్లు పేర్చింది. "రెండు కూడా లేవే!" అంది ఆశ్చర్యంగా. దక్షిణాన మెరిసే చుక్క అగస్త్యుడున్నాడనీ, మీకూ కనిపిస్తున్నాడా అనీ అడిగింది. మేముండే చోట అగస్త్యుడు ఎప్పటికీ ఉదయించడు. అమ్మాయి అది విని కాసేపు మాట్లాడలేదు.

ఈలోగా చిన్నవాడు ఫోను లాక్కున్నాడు.

"అమ్మమ్మా, అక్కడ జింక ఉందా?"

"ఉంది నాన్నా, నడినెత్తిన ఉంది."

"పరుగెత్తుతోందా?"

అటువైపు కొంచెం నిశ్శబ్దం.

"పరుగెత్తుతోంది. ఇంకాసేపట్లో మీ దగ్గరికే వస్తుంది, చూసుకో."