రాణికి ఇల్లు వెతికిన రెండు నెలలు

మా అక్క కుటుంబం కెనడాకు వెళ్లిపోతూ నాలుగేళ్ల లాబ్రడార్ కుక్క రాణిని నాకు అప్పగించింది. ఉబ్బసంతో బాధపడే అమ్మ మా ఇంట్లోనే ఉండటంతో దానికి మరో ఇల్లు వెతకక తప్పలేదు. ఉచితంగా ఇస్తామని ప్రకటించగానే మూడు రోజుల్లో ఇరవై మందికి పైగా ఫోన్ చేశారు.

వారిలో చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆపరేషన్ అయిందా?" పిల్లలు పుట్టకుండా చేసే ఆ ఆపరేషన్ కాలేదనగానే కొందరి గొంతులో ఉత్సాహం వినిపించేది. ఆడ లాబ్రడార్ సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, జతకట్టిన సుమారు 63 రోజులకు ఈనుతుంది, ఒక్కో ఈతలో ఏడెనిమిది పిల్లలు పుట్టవచ్చు. పిల్లలను అమ్ముకునేవారికి రాణి ఎలా కనిపించిందో అర్థమైన రోజే ప్రకటన తీసివేసి, పశువైద్యుడి దగ్గర ఆపరేషన్ చేయించాను. కుట్లు మానాక మళ్లీ ప్రకటిస్తే ఫోన్లు నాలుగైదుకు మించి రాలేదు.

శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్ ఉందన్న ఒకాయన ఎంతో మర్యాదగా మాట్లాడారు. వెళ్లి చూస్తే గేటు పక్కన రేకుల షెడ్డు, స్తంభానికి వేలాడుతున్న మూరెడు గొలుసు ఉన్నాయి. అయ్యగారు వారానికోసారి వస్తారని వాచ్‌మన్ చెప్పాడు. మరీ పొట్టి గొలుసుతో జంతువును గంటల తరబడి కట్టి ఉంచడాన్ని 1960 నాటి జంతు హింస నివారణ చట్టమే నేరమంటోంది. ఇల్లు చూడకుండా కుక్కను ఇవ్వకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

అద్దె ఫ్లాట్‌లో ఉండే ఒక జంట నాకు బాగా నచ్చారు. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నా, ఇంటి యజమాని కాదంటే అద్దెకున్నవారు ఎంతకాలం పోరాడగలరు? ఆయనతో ఒకసారి మాట్లాడతానంటే వారు ఒప్పుకోలేదు, నేనూ ఇవ్వలేదు.

చివరికి హనుమకొండ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఫోన్ చేసి, నేను అడగకముందే తాను అడగడం మొదలుపెట్టారు: దీపావళి చప్పుళ్లకు భయపడుతుందా, మెట్లు ఎక్కగలదా, ఇంతవరకు ఎవరి దగ్గర పడుకునేది? వయసు దృష్ట్యా ఆమె తరువాత బాధ్యత ఎవరిదని మొహమాటం లేకుండా అడిగాను. అదే వీధిలో ఉన్న కొడుకుతో మాట్లాడించారు. రెండు వారాలు చూసుకుందామని, ఎప్పుడైనా ఉంచుకోలేకపోతే నాకే తిరిగి ఇవ్వాలని కాగితం రాసుకున్నాం. టీకాల పుస్తకం, రాణి పాత దుప్పటి ఇచ్చి వచ్చాను.

రెండో రాత్రి ఆమె ఫోన్ చేసి, రాణి తిండి ముట్టడం లేదని చెప్పారు. నేల మీద కూర్చుని పెరుగన్నం చేత్తో పెట్టమన్నాను. ఫోన్ పెట్టేయకుండానే ఆమె కింద కూర్చున్నారు.