ఏసీ ప్రాజెక్టుకి అసలు పరీక్ష ముసురు రోజే

భవనం మెకానికల్ సిస్టమ్స్ మీద ఫైనలియర్ ప్రాజెక్టు చేసేవాళ్ళు చాలామంది రోహిణి కార్తె ఎండని డిజైన్ రోజుగా, అంటే మెషీన్ సైజు లెక్కగట్టే రోజుగా పట్టుకుంటారు. హైదరాబాద్‌లో అది నడుస్తుంది. కాకినాడ, అమలాపురం, భీమవరం వైపు మాత్రం మెషీన్ చేతులెత్తేసేది శ్రావణం ముసురులో. ఎండ తగ్గుతుంది గానీ గాల్లో నీళ్ళు తగ్గవు.

120 మంది కూర్చునే లెక్చర్ హాలు తీసుకోండి. 150 చదరపు మీటర్లు, లోపల 24 డిగ్రీలు, 55 శాతం తేమ. మే మధ్యాహ్నం బయట 35 డిగ్రీలు, 60 శాతం తేమ అనుకుంటే సైక్రోమెట్రిక్ చార్ట్‌లో (గాలి వేడిని, తేమని కలిపి చూపే పటం) కిలో పొడిగాలికి 21.4 గ్రాముల నీళ్ళు కనిపిస్తాయి. ముసురు రోజుకి 29 డిగ్రీలు, 85 శాతం పెట్టి చూడండి, 21.6 గ్రాములు. ఆరు డిగ్రీలు చల్లబడినా నీళ్ళు అంతే. లోపల ఉండాల్సింది 10.2 గ్రాములే.

బయటిగాలి ఎంత కావాలో చెప్పే అమెరికన్ ప్రమాణం ఆష్రే 62.1 ప్రకారం లెక్చర్ హాలుకి మనిషికి సెకనుకి 3.8 లీటర్లు, చదరపు మీటరుకి 0.3 లీటర్ల బయటిగాలి కావాలి. మొత్తం 500 లీటర్లు, అంటే సుమారు 0.6 కిలోలు. ఆ గాలితో గంటకి 24 లీటర్ల నీళ్ళు లోపలికొస్తాయి. 120 మంది ఊపిరి, చెమట ఇంకో 8 లీటర్లు. గంటకి 32 లీటర్లు కాయిల్ మీద, అంటే గాలిని చల్లబరిచే గొట్టాల మీద కారాలి. ఆరు గంటల క్లాసులకి దాదాపు ఒక డ్రమ్ము. రిపోర్టులో ఏసీ టన్నుల (ఒక టన్ను దాదాపు 3.5 కిలోవాట్ల చల్లదనం) కంటే ముందు ఈ లీటర్లు రాయండి.

ఇప్పుడు లోడు చూద్దాం. మే రోజున సెన్సిబుల్ లోడు (ఉష్ణోగ్రత పెంచే వేడి): మనుషులు 8.4 కిలోవాట్లు, లైట్లు 1.2, బయటిగాలి 6.8, గోడలు, కప్పు 10 అనుకుంటే మొత్తం 26.4. లేటెంట్ (తేమని తీయడానికయ్యేది) 22.3. రెండూ కలిపి దాదాపు 14 టన్నులు. ముసురు రోజున గోడలది 1 కిలోవాటుకి, గాలిది 3.1కి పడిపోయి సెన్సిబుల్ 13.7 అవుతుంది. లేటెంట్ మాత్రం 22.6 దగ్గరే కూర్చుంటుంది. అంటే మొత్తం లోడులో సెన్సిబుల్ వాటా, సెన్సిబుల్ హీట్ రేషియో, 0.54 నుంచి 0.38కి దిగింది. మామూలు ప్యాకేజ్ యూనిట్ 0.7 దగ్గర పనిచేస్తుంది. థర్మోస్టాట్‌కి తెలిసింది ఉష్ణోగ్రత ఒక్కటే కాబట్టి 13.7 తీసేశాక కంప్రెసర్ ఆపేస్తుంది. అప్పటికి తీసిన తేమ 6 కిలోవాట్లకి మించదు. మిగతాది బెంచీల కింద బూజు, చల్లగాలి వచ్చే డిఫ్యూజర్ అంచున చెమట, సీలింగ్ టైల్ మీద గోధుమరంగు మరక. "సేఫ్టీకి" రెండు టన్నులు ఎక్కువేస్తే ఇంకా చెడుతుంది. కంప్రెసర్ త్వరగా ఆగుతుంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కాయిల్ మీది నీళ్ళు మళ్ళీ హాల్లోకే ఆవిరవుతాయి.

ప్రాజెక్టుల్లో దీనికి రాసే మందు డోయాస్, అంటే బయటిగాలికి విడిగా ఒక యూనిట్. ఆలోచన మంచిదే గానీ ఒక లెక్క వదిలేస్తుంటారు. మనుషుల తేమ కూడా ఆ గాలే మోయాలంటే అది 6.5 గ్రాములతో లోపలికి రావాలి. దాని డ్యూ పాయింట్, అంటే తేమ నీళ్ళుగా మారే ఉష్ణోగ్రత, దాదాపు 7.7 డిగ్రీలు. కాయిల్‌లో తిరిగే 7 డిగ్రీల చిల్డ్ వాటర్‌తో అది కుదరదు. లోపలి లక్ష్యాన్ని 25 డిగ్రీలు, 60 శాతానికి సడలిస్తే డ్యూ పాయింట్ 11కి వస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వరసల కాయిల్‌తో అది సాధ్యమే. ఈ ఒక్క మార్పుకి రిపోర్టులో రెండు పేజీలు కేటాయించినా దండగ కాదు. అంత చల్లని గాలిని తిరిగి కొంచెం వెచ్చబెట్టడానికి ఎలక్ట్రిక్ హీటర్ గీయొద్దు. హీట్ పైప్ గానీ, కండెన్సర్ వేడి గానీ వాడండి. ఎంథాల్పీ వీల్ (వచ్చే గాలి వేడిని, తేమని బయటికెళ్ళే గాలికి అందించే చక్రం) పెడితే బయటికెళ్ళే గాలి కూడా దాని గుండానే పోవాలి. టాయిలెట్ ఫ్యాన్లు 150 లీటర్లు విడిగా లాగేస్తే వీల్‌కి మిగిలేది 350, క్యాటలాగులో రాసే 70 శాతం సామర్థ్యం రాదు.

డ్రెయిన్ దగ్గర పొరపాటు మరీ సాధారణం. ఫ్యాన్, కాయిల్ తర్వాత ఉంటే కాయిల్ కింద నీళ్ళు పట్టే పాన్ దగ్గర గాలి లోపలికి లాగుతుంది. 500 పాస్కల్స్ లాగుడంటే 50 మిల్లీమీటర్ల నీటి ఎత్తు. ట్రాప్ (డ్రెయిన్ పైపులో నీళ్ళు నిలిచే వంపు) ఎత్తు దానికి ఇంకో 25 కలిపి 75 ఉండాలి. లేదంటే పాన్ నిండి నీళ్ళు డక్ట్‌లోకి చిమ్ముతాయి. ఇన్సులేషన్ కూడా లెక్కగట్టాల్సిందే. బయటిగాలి డ్యూ పాయింట్ 26 డిగ్రీలు. వరండాలో పోయే 7 డిగ్రీల పైపు చెమట పట్టకూడదంటే, చదునైన ఉపరితలంగా తీసుకుని లెక్కగడితే నైట్రైల్ రబ్బరు 31 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. 19 మిల్లీమీటర్లది కారుతుంది. అతుకుల దగ్గర ఇంకా ముందే.

కూలింగ్ టవర్ (నీళ్ళని ఆవిరి చేసి ఏసీ వేడిని బయటికి పంపేది) పెడితే నీళ్ళెక్కడివని ఎగ్జామినర్ అడగాలి, అడుగుతారు కూడా. రబీ అయ్యాక ఏప్రిల్, మేల్లో కాల్వలు కట్టేస్తారు. ఊళ్ళు చెరువులు ముందే నింపుకుంటాయి. సరిగ్గా అప్పుడే టవర్ ఎక్కువ తాగుతుంది. 100 టన్నులకి గంటకి దాదాపు 625 లీటర్లు ఆవిరైపోతాయి. మంచి నీళ్ళతో నాలుగు సైకిల్స్, అంటే ఉప్పు నాలుగింతలు చిక్కబడే దాకా నడిపితే మొత్తం 830. తీరం దగ్గరి ఉప్పు బోరు నీళ్ళతో రెండు సైకిల్సే కుదిరితే 1,250. ఇక్కడే ఆ డ్రమ్ము అక్కరకొస్తుంది. అలాంటి హాళ్ళు ఏడుంటే కాయిల్ నీళ్ళు గంటకి 225 లీటర్లు, ఉప్పు లేనివి. 830లో పావు వంతు పైనే.

డాబా మీది యూనిట్లకి తీరపు గాలి సెకనుకి 50 మీటర్ల వేగంతో లెక్క వేయండి. 0.6 వి స్క్వేర్ (వి అంటే ఆ వేగం) అంటే చదరపు మీటరుకి 1,500 న్యూటన్లు. తీరం దగ్గర ఫిన్‌లకి ఎపాక్సీ కోటింగ్, బోల్టులకి 316 గ్రేడ్ స్టీలు రాయండి.

ఇక ఫైర్ సంపు, అంటే మంటలార్పే నీళ్ళు నిలవుంచే భూమిలోపలి తొట్టి. 4 మీటర్లు, 5 మీటర్లు, 3 మీటర్ల లోతు సంపుని భూగర్భజలం నేల దాకా వచ్చినప్పుడు 60 టన్నుల బలం పైకి తోస్తుంది. మామూలు మందాల కాంక్రీటు బరువు 45 టన్నుల చుట్టూ. శుభ్రం చేద్దామని వానాకాలంలో ఖాళీ చేస్తే తేలుతుంది. అడుగు స్లాబుని చుట్టూ బయటికి పెంచి దాని మీద మట్టి బరువు నిలపండి. లోపల రెండు అరలు చేసి, ఒకసారి ఒక్కటే ఖాళీ చేయాలని డ్రాయింగు మీదే రాయండి.