పచ్చదనం లేని చోట దేవుణ్ణి చూడటం

ప్రకృతిలో దేవుణ్ణి చూడండి అనగానే చాలామందికి జలపాతమో, మంచు కమ్మిన కొండో గుర్తొస్తుంది. అనంతపురంలో ఆ రెండూ లేవు. ఏడాదికి అటూ ఇటూగా 550 మిల్లీమీటర్ల వాన, ఎర్రమట్టి, గుండ్లు, తుమ్మచెట్లు, ఎప్పుడూ కొట్టే గాలి. వాన ఎప్పుడొస్తుందని అడిగితే చేనుకాడ ఎవరైనా "పైనోడు సూడాల" అని చేయి పైకెత్తుతారు. నన్నడిగితే ఈ పనికి ఇలాంటి నేలే మేలు. చూపును లాగేసే హంగులు ఉండవు కాబట్టి చిన్న కదలిక కూడా కంటబడుతుంది. అయితే భక్తి ఉంటే చాలు, అదే కనిపిస్తుంది అనుకుంటే కుదరదు. దానికో పద్ధతి ఉంది.

ముందు చోటు. చాప పరిచినంత నేల చాలు. గుమ్మం ముందో, మిద్దె మీదో, చేను గట్టునో ఒకటి ఖాయం చేసుకుని రోజూ అక్కడే కూర్చోవాలి. పొద్దు పొడవక ముందే వెళ్లి ఇరవై నిమిషాలు కదలకుండా ఉండాలి. మనం వచ్చిన అలికిడికే తొండలు, పిట్టలు, పురుగులు దాక్కుంటాయి. వాటి భయం తీరడానికి పది నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాలకే లేచిపోయేవాళ్లకు ఏమీ కనిపించకపోవడానికి కారణం ఇదే. ఫోన్ ఇంట్లో పెట్టండి. ఫోటో తీయగానే చూసేశామన్న తృప్తి కలుగుతుంది, ఇక కన్ను పని మానేస్తుంది. పదింతలు పెద్దగా చూపే చిన్న భూతద్దం, ఒక నోటు పుస్తకం, పెన్సిల్ ఉంటే చాలు.

అన్నిటికంటే ఎక్కువ మంది తప్పేది ఇంకోచోట. కూర్చున్న రెండో నిమిషంలోనే "ఆహా, ఎంత మహిమ!" అనేస్తారు. ఆ మాట అన్నాక చూడటానికి ఏమీ మిగలదు. ముందు ఎవరు, ఎక్కడినుంచి, ఏం మోసుకుంటూ, ఎటు పోతున్నారో రాయండి. దేవుడి పేరు చివర రాయొచ్చు. ఆయన తొందరపడడు.

మొదలుపెట్టడానికి వాకిలి కంటే సులువైన చోటు లేదు. కసువు ఊడ్చి, కల్లాపి చల్లి, ఆ తడి కాస్త ఆరాక బియ్యప్పిండితో ముగ్గు వేయండి. నూకలను కాస్త బరకగా విసిరించుకోవాలి. మరీ మెత్తటి పిండి గాలికి లేచిపోతుంది, తడి ఎక్కువుంటే అట్టకట్టి చీమలకు పనికిరాదు. బజారులో అమ్మే ముగ్గుపిండి రాతిపొడి. చూడటానికి తెల్లగా ఉంటుంది గానీ అందులో ఎవరికీ తిండి లేదు. రెండూ కలిపితే బియ్యప్పిండి కూడా వృథా. ఫినాయిల్ పోసి కడిగే వాకిట్లో ఈ ప్రయత్నమే వద్దు, చీమల బాటంతా వాసన మీద నడుస్తుంది, దాన్ని ఫినాయిల్ చెరిపేస్తుంది. ముందు ఒక చీమ వస్తుంది, తిరిగి పోతుంది, కాసేపటికి వరస కడుతుంది. ఆ మొదటి చీమ వెనక్కి పోయిన దారిని పుస్తకంలో గీత గీయండి. తర్వాత వచ్చే వరస ఎంతవరకు ఆ గీత మీదే నడుస్తుందో, ఎక్కడ దాన్ని అడ్డంగా కోసి దగ్గర దారి పట్టిందో పోల్చుకోవచ్చు. చీమలకు ఇలా తిండి పెట్టడాన్ని మన పెద్దలు భూతయజ్ఞంలో చేర్చారు, అంటే రోజూ ఇంటివాళ్లు తినేముందు తీర్చాల్సిన బాకీల్లో ఇదొకటి.

ఎండాకాలంలో మిద్దె మీద నీళ్లు పెట్టేవాళ్లకు ఒక మాట. లోతు గిన్నె వద్దు, వెడల్పాటి మట్టి మూకుడు తీసుకుని రెండు అంగుళాల నీళ్లే పోయండి. మధ్యలో ఒకటి రెండు గరుకు రాళ్లు పెడితే తేనెటీగలు మునిగి చావవు. నీళ్లు రోజూ మార్చాలి, వారం నిలవ ఉంటే దోమలు పుడతాయి. సబ్బు పెట్టకుండా కొబ్బరిపీచుతో తోమాలి.

ఇక ఆరుద్ర కార్తె. జూన్ 22 ప్రాంతంలో మొదలై పద్నాలుగు రోజుల పాటు ఉంటుంది. ఈ సీమలో దేవుడి పని దగ్గరగా చూడదలిస్తే ఏడాదికి ఇంతకంటే మంచి అదను దొరకదు. గట్టి వాన పడిన మర్నాడు ఎండ ముదరక ముందే ఇసుక కలిసిన ఎర్రనేలకు పోవాలి. దున్నిన చాళ్లలో కాకుండా గట్ల పక్కన, బీడులో చూడండి. శనగ గింజంత మఖమలు ముక్క నడుస్తున్నట్టు ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. మోకాళ్ల మీద వంగి భూతద్దం పెట్టి కాళ్లు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. పురుగని పిలుస్తాం గానీ ఇది సాలీడు చుట్టం. ఒళ్లంతా దట్టమైన ఎర్రటి నూగు. తాకితే కాళ్లు ముడుచుకుని ఆగిపోతుంది. ఆ ఎరుపు పిట్టలకు హెచ్చరిక, నోట్లో పెట్టుకుంటే రుచించదని. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉండి, తొలి వానలకు కొద్ది రోజులు మాత్రం పైకి వస్తుంది. అదే వానకు పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. ఈ ఎర్రటి జీవికి అవి కూడా తిండే. దీని పిల్లలు మాత్రం మిడతలను పట్టుకుని వాటి రసం పీల్చి పెరుగుతాయి. మిడత రెక్క మొదట్లో ఎర్రటి చుక్కలు కనిపిస్తే అవి చాలాసార్లు ఇలాంటి పిల్లలే. మట్టి లోపల ఉన్నదానికి పైన వాన పడిందని, ఉసిళ్లు లేచే పొద్దు అదేనని తెలిసిపోతుంది. తడే దానికి కబురు అంటాం, నిజమే. ఆ కబురు అర్థం చేసుకునే ఏర్పాటు దాని ఒంట్లో ఎలా కుదిరిందన్న దగ్గర కాసేపు కూర్చోవచ్చు. పిల్లలు వీటిని అగ్గిపెట్టెలో వేసి బడికి పట్టుకుపోతారు. వద్దని చెప్పండి, తడి నేల లేకపోతే చచ్చిపోతాయి.

మరోటి కిటికీ మూలన కట్టే మట్టిగూడు. సన్న నడుము కందిరీగ ఒంటరిగానే కడుతుంది. కొళాయి దగ్గరి తడిమట్టిని ఉండ చేసి తెచ్చి, సన్నగా రొద చేస్తూ అతుకుతుంది. గది పూర్తయ్యాక సాలీళ్లను కుట్టి, కదలకుండా చేసి, ఒక్కొక్కటే లోపల కుక్కుతుంది. చంపదు, చస్తే కుళ్లిపోతాయి కదా. గుడ్డు పెట్టి మూత వేసి వెళ్లిపోతుంది. పిల్ల బయటికొచ్చి ఆ బతికున్న సాలీళ్లను తిని పెరుగుతుంది. గూటికి గుండ్రటి రంధ్రాలు ఉంటే పిల్లలు ఎగిరిపోయినట్టు, అప్పుడు తీసేయొచ్చు. రంధ్రం లేకపోతే ఆగండి. తేనెపట్టు ఈగల్లా గుంపుగా ఇవి మీద పడవు.

భ్రమరకీటక న్యాయం పుట్టింది ఇలాంటి గూటిని చూసే. పురుగు భ్రమరాన్నే తలచుకుంటూ భ్రమరమైపోతుందని, జీవుడూ అలాగే దేవుణ్ణి తలచి దేవుడవుతాడని. పోలిక గొప్పదే. కానీ లోపల జరిగేది వేరు, బయటికొచ్చేది ఆ కందిరీగ బిడ్డే, లోపలికెళ్లినది దాని అన్నం. ఈ సంగతి చెబితే కొందరు భక్తులు నొచ్చుకుంటారు, ప్రకృతిలో దేవుడంటే పూలు, సీతాకోకచిలుకలే ఉండాలన్నట్టు. అహోబిలం, కదిరి ఉన్న సీమలో ఈ నొప్పి నాకు వింతగా తోస్తుంది. గోళ్లతో పొట్ట చీల్చిన సామికి దండం పెట్టి, ప్రహ్లాదుణ్ణి లాలించింది కూడా ఆయనే అని చెప్పుకునేవాళ్లం మనం. గూటి ముందు సాలీడు వైపు నుంచి ఒకసారి, పిల్ల వైపు నుంచి ఒకసారి చూడండి. ఒక వైపే చూసి లేస్తే సగం చూసినట్టు.

పెద్ద చోట్లకు పోయినప్పుడు కూడా చిన్నదాన్నే పట్టుకోవాలి. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది, ఐదెకరాలకు పైగా పరుచుకుంది. అందరూ మొదటి మాను ఏదని వెతుకుతారు. దానికి బదులు గాల్లో వేలాడుతున్న ఒక్క ఊడను ఎంచుకుని, కొస నుంచి పైదాకా చూడండి. నేలకు అందేదాకా అది గాలికి ఊగే తాడు, మట్టిలో దిగాక కొమ్మను మోసే స్తంభం. రాలిన మర్రిపండు ఒకటి తీసుకుని గోటితో విప్పండి. మర్రి పూయదంటారు గానీ పూలన్నీ ఆ పండు లోపలే ఉంటాయి. వాటిని కలిపే పని నువ్వుగింజ కంటే చిన్న కందిరీగది. మర్రికి ఆ జాతి, మేడికి మరో జాతి. ఒకటి లేకపోతే రెండోది లేదు.

కాకులు వాలవని, నంది పెరుగుతోందని చెప్పుకునే యాగంటి గుడికి పోయినవాళ్లు కాకులున్నాయా లేవా అని పైకి చూసి, నంది పెరిగిందా అని కొలిచి వచ్చేస్తారు. కోనేట్లోకి కొండలోంచి దిగే ధార దగ్గర ఎవరూ నిలబడరు. మహానందిలోనూ అంతే. కోనేటి అడుగున నాణెం కనిపిస్తుందని అందరూ చెబుతారు, జనం దిగకముందు తెల్లవారుజామున పోతేనే ఆ తేట కనిపిస్తుంది. ఆ నీళ్లు బయటికి పోయే కాలువ వెంట నడిస్తే వరి మళ్లు, అరటితోటలు వస్తాయి. నల్లమల మీద కురిసి ఇంకిన వాన నంది దగ్గర తీర్థం, చేలో మడవ. అక్కడ సబ్బు పెట్టకూడదని చెప్పేది అందుకే.

చివరగా ఆకాశం. ఆరుద్ర కార్తెలో ఆరుద్ర నక్షత్రం కనిపించదు, వెతికి నిరాశపడకండి. సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉన్నాడనే ఆ పేరు, ఆయనతోపాటే ఉదయించి అస్తమిస్తుంది. శివుడి చుక్కైన దీన్ని చూడాలంటే ధనుర్మాసం దాకా ఆగాలి. శివాలయాల్లో ఆర్ద్రా దర్శనం అప్పుడే. డిసెంబరు మధ్యలో రాత్రి ఎనిమిదింటికి మిద్దెక్కి తూర్పు చూడండి, దగ్గరదగ్గరగా మూడు చుక్కలు వరసగా ఉంటాయి. వాటికి ఎడమ పక్క ఎర్రగా వెలిగేది ఆరుద్ర, కుడి పక్క నీలితెలుపుగా ఉండేది వేరే చుక్క. వెన్నెల లేని రోజు ఎంచుకోండి. వీధిలైటు ఎదురుగా ఉంటే చేత్తో అడ్డం పెట్టుకుని, కళ్లు చీకటికి అలవాటు పడటానికి పావుగంట ఇవ్వండి.